గాలితో పాడిన సినిమా హాళ్లు

ఉదయం ప్రార్థన మొదలయ్యే ముందు మన సంగీతం మాస్టారు హార్మోనియం ముందు కూర్చుని, ఎడమ చేత్తో వెనక తిత్తిని రెండుసార్లు ఊపుతారు. అప్పటికి ఏ మెట్టూ నొక్కి ఉండరు. అయినా పెట్టెలోకి ఏదో నిండుతున్న చప్పుడు ముందు వరుసలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లలకు వినిపిస్తుంది. అది గాలి. ముందు గాలి, ఆ తర్వాతే పాట.

ఒకరోజు తరగతిలో తెలుగు సినిమా పుట్టుక గురించి చెబుతుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు: "సార్, మూకీ సినిమా అంటే హాల్లో అసలేమీ వినిపించేది కాదా? మరి జనం అంతసేపు ఎలా కూర్చునేవాళ్లు?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి కూర్చోబెట్టవచ్చు. కానీ సరైన జవాబు కావాలంటే మచిలీపట్నం నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి అమెరికాకు, ఇంగ్లండుకు వెళ్లి, మళ్లీ మన ప్రార్థనా సభలోని హార్మోనియం దగ్గరికే రావాలి. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

మూకీ అంటే మౌనం కాదు

మన దేశంలో మొదటిసారి కదిలే బొమ్మలు చూపింది 1896 జూలై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటల్లో. అప్పటి నుంచి 1931లో 'ఆలం ఆరా' వచ్చేవరకు మన సినిమాల్లో పాత్రలకు మాట లేదు. పెదవులు కదిలేవి, మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి. అయితే తెరకు మాట లేదు కానీ హాలుకు ఉంది. ప్రొజెక్టరు కటకటమని తిరిగేది. ఆ చప్పుడును కప్పడానికి, కథలోని సంతోషాన్నీ భయాన్నీ ప్రేక్షకుడి దగ్గరికి చేర్చడానికి తెర పక్కన ఎవరో ఒకరు వాయించేవారు.

మన వైపు ఆ పని ఎక్కువగా హార్మోనియం, తబలా చేశాయి. తెర మీద పడే అక్షరాలు చదవలేని వారి కోసం ఒక వ్యాఖ్యాత నిలబడి కథ చెప్పేవాడు. యుద్ధం వస్తే తబలా వేగం పెరిగేది, ఏడుపు వస్తే హార్మోనియం నెమ్మదించేది. తెలుగువారికి ఇదేమీ కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజంలోనూ, ఊరూరా ఆడిన పద్యనాటకాల్లోనూ హార్మోనియం నటుడికి శ్రుతి పట్టి ఇచ్చేది. నాటకంలో రంగస్థలం పక్కన కూర్చున్న వాద్యమే సినిమా వచ్చాక తెర పక్కకు జరిగింది.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు తప్పక చెప్పుకోవాలి. మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన ఫ్రాన్సులో గామాంట్ సంస్థ తయారుచేసిన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. అందులో ఒక పక్క చిన్న చిత్రం ఆడుతుంటే, ఇంకో పక్క గ్రామఫోను రికార్డు తిరుగుతుంది. బొమ్మకూ పాటకూ జోడీ కుదర్చడమే దాని పని. విద్యుత్తుతో శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్లు అప్పటికి లేవు. మరి పెద్ద హాలులో వెనక కూర్చున్నవారికి రికార్డు ఎలా వినిపించాలి? ఆ యంత్రం అదిమిపెట్టిన గాలిని ఉపయోగించి శబ్దాన్ని పెంచేది. అంటే మన వాళ్లకు మొదట వినిపించిన సినిమా శబ్దం కూడా గాలి బలంతోనే వినిపించింది.

వెంకయ్య ఆ యంత్రంతో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శనలిచ్చారు. దక్షిణాది ఊళ్లు తిరిగారు, బర్మా, సింహళం కూడా వెళ్లారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించారు. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్ థియేటర్లు వచ్చాయి. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ చిత్రం తీశారు. అదే ఏడాది బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు ప్రారంభించారు.

వందమంది పని ఒక్కడే చేసే వాద్యం

మన ఊళ్లలో హార్మోనియం వాయిస్తున్న ఆ రోజుల్లోనే అమెరికా నగరాల్లో రెండు మూడు వేల మంది పట్టే సినిమా హాళ్లు లేచాయి. వాటిని 'చిత్ర భవంతులు' అని పిలిచేవారు. అంత పెద్ద హాలుకు ఒక పియానో చాలదు. వాద్యబృందాన్ని పెడితే రోజుకు మూడు నాలుగు ఆటలకు యాభైమందికి జీతాలివ్వాలి. యజమానులకు కావలసింది బృందమంత పెద్దగా మోగుతూ, ఒక్క మనిషి వాయించగల వాద్యం.

అలాంటి వాద్యాన్ని ఊహించినవాడు రాబర్ట్ హోప్-జోన్స్. ఇంగ్లండులో 1859లో పుట్టాడు. టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేశాడు. చర్చిలో వాయించే గొట్టాల ఆర్గన్ అంటే ప్రాణం. పాత ఆర్గన్లలో మెట్టుకూ గొట్టానికీ మధ్య కర్రలు, తీగలు ఉండేవి. మెట్టు నొక్కితే ఆ కర్ర లాగి ఈ కర్ర తోసి చివరికి గొట్టం మూత తెరుచుకునేది. టెలిఫోన్లో మాట తీగ వెంట వెళ్లగలిగినప్పుడు మెట్టు నొక్కిన కబురు మాత్రం తీగ వెంట ఎందుకు వెళ్లకూడదని ఆయన ఆలోచించాడు. 1903లో అమెరికా వెళ్లి, 1910లో వుర్లిట్జర్ సంస్థలో చేరాడు. న్యూయార్కు రాష్ట్రంలోని నార్త్ టోనవాండాలో ఉన్న ఆ సంస్థ కర్మాగారంలో ఆయన ఆలోచనలకు రూపం వచ్చింది. తర్వాతి ముప్పై ఏళ్లలో ఆ ఒక్క సంస్థే 2,200కు పైగా ఆర్గన్లు తయారుచేసింది. మార్టన్, కింబల్, ఇంగ్లండులో కాంప్టన్ వంటి మరికొన్ని సంస్థలు కూడా ఈ పనిలోకి దిగాయి.

గాలి చేసే ప్రయాణం

ఈ వాద్యం లోపల ఏం జరుగుతుందో గాలి వెంటే నడిచి చూద్దాం.

హాలు కింద నేలమాళిగలో పెద్ద విద్యుత్ ఫ్యాను ఒకటి తిరుగుతుంటుంది. హార్మోనియం వాయించేవారి ఎడమ చెయ్యి చేసే పని ఇది చేస్తుంది. ఆ గాలి తిత్తుల్లోకి చేరుతుంది. తిత్తి మీద ఉన్న స్ప్రింగులూ బరువులూ గాలి ఒత్తిడి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేలా చూస్తాయి. ఒత్తిడిని ఎలా కొలుస్తారనుకుంటున్నారు? 'యు' ఆకారంలో ఉన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొసకు గాలి తగిలిస్తారు. నీటి మట్టాల మధ్య తేడా ఎంత ఉంటే ఒత్తిడి అంత. చర్చి ఆర్గన్లో ఈ తేడా సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు. సినిమా ఆర్గన్లో పది అంగుళాలు, అంటే సుమారు 25 సెంటీమీటర్లు. కొన్ని గొట్టాలకు అంతకన్నా ఎక్కువ. సినిమా ఆర్గన్ గొంతు అంత నిండుగా ఉండడానికి ఇది మొదటి కారణం.

తర్వాత గాలి గొట్టాల పెట్టెల్లోకి వస్తుంది. ఒక్కో గొట్టం కింద తోలుతో మూసిన చిన్న రంధ్రం ఉంటుంది. వాయించే మనిషి మెట్టు నొక్కగానే తక్కువ వోల్టేజీ విద్యుత్తు తీగ వెంట వెళ్లి ఒక బుల్లి విద్యుదయస్కాంతాన్ని మేల్కొలుపుతుంది. అయస్కాంతం చిన్న మూతను లాగుతుంది. దాంతో తోలు సంచి లోపలి గాలి బయటికి పోయి సంచి ముడుచుకుంటుంది, రంధ్రం తెరుచుకుంటుంది, గొట్టం పాడుతుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో జరిగిపోతుంది. విద్యుత్తు కబురు మోస్తుంది, బరువు గాలి మోస్తుంది.

గొట్టాలు రెండు జాతులు. ఒకటి మన పిల్లనగ్రోవి జాతి. గాలి అంచుకు తగిలి లోపలి గాలి కంపిస్తుంది. రెండోది సన్నాయి జాతి. లోపల ఒక నాలుక ఉంటుంది, గాలికి అది ఆడుతుంది. మన హార్మోనియంలోనూ నాలుకలే ఉంటాయి కానీ వాటికి గొట్టాలుండవు. ఇత్తడి నాలుక కంపనమే స్వరం. అందుకే అంత చిన్న పెట్టెలో మూడు స్థాయిలు ఇమిడిపోయాయి. ఒక విధంగా సినిమా ఆర్గన్‌కు మన హార్మోనియం దూరపు చుట్టం. రెండింటికీ ఊపిరి ఒక్కటే, ఒళ్లే వేరు.

ఒకే రకం గొంతు ఉన్న గొట్టాలన్నీ ఒక వరుస. వరుసలో గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత కిందికి దిగుతుంది. 8 అడుగుల తెరిచిన గొట్టం సెకనుకు సుమారు 65 సార్లు కంపించే మంద్ర స్వరాన్నిస్తుంది. 16 అడుగుల గొట్టం అందులో సగం. అది చెవికి వినిపించడం కన్నా కుర్చీలోంచి ఒంటికి తెలుస్తుంది. అదే వరుసలో ఆఖరి గొట్టం పెన్సిలంత ఉంటుంది.

హోప్-జోన్స్ అసలు తెలివి ఇక్కడే ఉంది. పాత ఆర్గన్లో ఒక్కో వరుస ఒక్కో కీబోర్డుకు, ఒక్కో స్థాయికి కట్టుబడి ఉండేది. తీగలు వచ్చాక ఆ కట్టు తెగింది. ఒక వరుసకు పైనా కిందా కొన్ని గొట్టాలు చేర్చి, ఆ ఒక్క వరుసనే మూడు నాలుగు స్థాయిల్లో, ఏ కీబోర్డు నుంచైనా పలికించవచ్చు. ఉన్న పదిమంది గాయకులనే అవసరాన్ని బట్టి వేర్వేరు చోట్ల నిలబెట్టి ముప్పైమందిలా పాడించడం లాంటిది ఇది. పది వరుసలతోనే ఒక మోస్తరు హాలు నిండిపోయేది. మరీ పెద్ద హాళ్లకు పెద్ద ఆర్గన్లే కట్టారు. న్యూయార్కులోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో 1932లో పెట్టిన వుర్లిట్జర్‌కు 58 వరుసలు, నాలుగు వేలకు పైగా గొట్టాలు ఉన్నాయి.

గొట్టాలు ప్రేక్షకులకు కనిపించవు. తెరకు రెండు పక్కలా గోడల వెనక గదుల్లో ఉంటాయి. ఆ గదులకు కిటికీ రెక్కల్లాంటి మందపాటి చెక్కలు అమర్చి ఉంటాయి. వాయించేవారు కాలితో ఒక పెడలు తొక్కితే రెక్కలు తెరుచుకుని శబ్దం హాల్లోకి పొంగుతుంది. పెడలు వదిలితే రెక్కలు మూసుకుని శబ్దం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది. గాలినే లయగా వణికించే ఉపకరణం ఇంకొకటి ఉంటుంది. అది పనిచేస్తున్నప్పుడు స్వరం గమకం వేసినట్టు ఊగుతుంది. సినిమా ఆర్గన్‌ను ఒక్కసారి విన్నవారు మళ్లీ గుర్తుపట్టేది ఆ ఊపుతోనే.

ఇంకా పిల్లలకు నచ్చే భాగం మిగిలింది. అదే గదుల్లో నిజమైన డప్పులు, తాళాలు, గంటలు, జలతరంగం లాంటి వాద్యాలు ఉంటాయి. పక్షి కూత, గుర్రపు డెక్కల చప్పుడు, మోటారు హారను, సముద్రపు హోరు చేసే చిన్న చిన్న యంత్రాలు కూడా ఉంటాయి. ఇవి రికార్డులు కావు. గాలి తోలు సంచిని తోస్తే సంచి కర్రను తోస్తుంది, కర్ర డప్పును కొడుతుంది. తెర మీద గుర్రం పరుగెత్తగానే గోడ వెనక నిజంగానే చెక్క మీద చెక్క మోగేది.

వాయించే మనిషి కూర్చునే బల్ల గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. రెండు మూడు కీబోర్డులు, వాటి చుట్టూ వంపుగా రంగురంగుల మీటలు, కాళ్ల కింద మంద్ర స్వరాల కోసం ఇంకో వరుస మెట్లు. రెండు చేతులు, రెండు కాళ్లు, తెర మీద కళ్లు. చాలాసార్లు ముందు కాగితం కూడా ఉండేది కాదు. బొమ్మ చూసుకుంటూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడమే.

మాట వచ్చింది, పాట ఆగింది

1927లో అమెరికాలో 'ద జాజ్ సింగర్' వచ్చింది. మన దగ్గర 1931లో 'ఆలం ఆరా', 1932లో తెలుగులో 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. శబ్దం సినిమా రీలుతోనే రావడం మొదలైంది. అమెరికా హాళ్లలో వాయించేవారు కొన్నేళ్లలోనే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కోట్ల ఖర్చుతో కట్టిన వాద్యాలు గోడల వెనక దుమ్ము పట్టాయి. మన దగ్గర తెర పక్కన కూర్చున్న హార్మోనిస్టులు కూడా లేచి వేరే పనులు చూసుకోవలసి వచ్చింది.

ఇంగ్లండులో మాత్రం ఈ కథ కొంచెం వేరుగా నడిచింది. అక్కడ టాకీలు వచ్చాక కూడా రెండు చిత్రాల మధ్య విరామంలో ఆర్గన్ వాయించే అలవాటు నిలిచింది. దీపాలు మారేవి, వేదిక ముందున్న గుంటలోంచి వాయించే బల్ల లిఫ్టు మీద మనిషితో సహా పైకి లేచేది. జనం చప్పట్లు కొట్టేవారు. 1936లో బీబీసీ రేడియో తన కోసమే ఒక సినిమా ఆర్గన్ పెట్టుకుంది. దాన్ని మొదట వాయించినవాడు రెజినాల్డ్ ఫూర్ట్. ఆ వాద్యం 1941లో యుద్ధం బాంబులకు నాశనమైంది.

ఈ ఫూర్ట్ చేసిన పని వింటే మనకు టూరింగ్ టాకీస్ గుర్తొస్తుంది. మన తాతల కాలంలో డేరా, ప్రొజెక్టరు, జనరేటరు బండ్లకెక్కించి ఊరూరా సినిమా చూపినట్టే, ఆయన 1938లో ఒక పెద్ద గొట్టాల ఆర్గన్‌ను ప్రయాణానికి వీలుగా కట్టించుకున్నాడు. దాని బరువు సుమారు 30 టన్నులు. లారీల మీద ఊరూరా తిప్పి, ప్రతి హాల్లోనూ విప్పి బిగించి వాయించాడు. బీబీసీ తన ఆర్గన్ పోగొట్టుకున్నాక దీన్నే తీసుకుంది. తర్వాత అది నెదర్లాండ్స్ రేడియోకు, అక్కడి నుంచి అమెరికాలోని పాసడీనా నగర సభాభవనానికి చేరింది. అది ఇంతకాలం నిలిచింది వాయించేవారు దొరికినందువల్లే.

కాపాడడం అంటే వాయించడం

1950ల నాటికి పాత హాళ్లు కూలుతుంటే ఆర్గన్లను తుక్కు కింద అమ్మసాగారు. అప్పుడు వాటిని ప్రేమించేవారు కొందరు చేతులు కలిపారు. 1955లో అమెరికాలో థియేటర్ ఆర్గన్ సొసైటీ మొదలైంది. ఇంగ్లండులోనూ ఇలాంటి సంఘాలు వచ్చాయి. సభ్యుల్లో సంగీత విద్వాంసులే కాదు, విద్యుత్ పనివాళ్లు, వడ్రంగులు, ఉపాధ్యాయులు, రిటైరైన ఇంజనీర్లు ఉన్నారు. వారాంతాల్లో వచ్చి పనిచేసేవారే ఎక్కువ.

ఈ వాద్యం ఎందుకు పాడవుతుంది? ఎక్కువగా తోలు వల్ల. వేల కొద్దీ ఉన్న ఆ చిన్న సంచుల తోలు కొన్ని దశాబ్దాలకు ఎండి పగులుతుంది. ఒక్క సంచి పగిలితే ఒక్క స్వరం పోతుంది, లేదా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఒక్కో సంచినీ విప్పి, పాత తోలు గీకి, కొత్త తోలు అంటించాలి. ఉన్నిగుడ్డ భాగాలను పురుగులు తింటాయి. మెత్తని సీసం, తగరం గొట్టాలు సొట్టలు పడతాయి. పాత తీగల మీది నూలు తొడుగు చివికిపోతుంది. దాని బదులు ఈనాటి ఎలక్ట్రానిక్ వలయం పెట్టవచ్చు. అలా పెట్టినప్పుడు తీసేసిన పాత భాగాన్ని పారేయకుండా, ఏది ఎక్కడిదో రాసి భద్రపరచడం మంచి సంరక్షకుల పద్ధతి. రేపు ఎవరైనా అసలు రూపం చూడాలంటే దారి ఉండాలి కదా.

ఇంకో చిక్కు వేడి. మన రాయపూర్ వేసవి తెలిసిన మనకు ఇది బాగా అర్థమవుతుంది. గాలి వేడెక్కితే అందులో శబ్దవేగం పెరుగుతుంది. గొట్టం పొడవు మారకపోయినా స్వరం పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన పిల్లనగ్రోవి జాతి గొట్టం 40 డిగ్రీల దగ్గర దాదాపు మూడున్నర శాతం ఎక్కువ వేగంతో కంపిస్తుంది. అంటే పక్క స్వరస్థానానికి సగం దూరం దాటిపోయినట్టే. నాలుక జాతి గొట్టాలు అంతగా మారవు. దాంతో ఒకే ఆర్గన్లో రెండు జాతులకూ పొత్తు కుదరదు. అందుకే ప్రదర్శన సమయంలో హాలు ఎంత వేడిగా ఉంటుందో అదే వేడిలో శ్రుతి చేస్తారు. ఇత్తడి నాలుకల హార్మోనియం మన ఎండల్ని తట్టుకుని ఊరూరా తిరగగలిగిందంటే ఇదీ ఒక కారణమే.

కాపాడిన వాద్యాల్లో కొన్ని పుట్టిన చోటే ఉన్నాయి. అమెరికాలోని రిచ్‌మండ్ నగరం బర్డ్ థియేటర్లో 1928 నాటి వుర్లిట్జర్, లండన్ లీసెస్టర్ స్క్వేర్ ఓడియన్‌లో 1937 నాటి కాంప్టన్ అలాంటివే. కొన్నింటికి కొత్త ఇల్లు వెతకవలసి వచ్చింది. లండన్ దగ్గర కింగ్‌స్టన్‌లోని రీగల్ సినిమా హాలులో మోగిన వుర్లిట్జర్ ఇప్పుడు బ్రెంట్‌ఫర్డ్‌లోని సంగీత మ్యూజియంలో మోగుతోంది. మీరు ఆశ్చర్యపోయే సంగతి ఇంకొకటి: ఫిలడెల్ఫియాలోని బాయిడ్ థియేటర్లో ఉండిన కింబల్ ఆర్గన్ డెలావేర్ రాష్ట్రంలోని డికిన్సన్ హైస్కూలు సభాభవనానికి చేరింది. స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని బాగుచేసి, గొట్టాల వరుసలు పెంచి, కచేరీలు పెట్టారు. ఒక సినిమా హాలు వాద్యానికి బడి ఆశ్రయమిచ్చింది.

వీటన్నిటిలో ఒక సత్యం కనిపిస్తుంది. అద్దాల పెట్టెలో పెడితే బొమ్మ నిలుస్తుంది కానీ వాద్యం నిలవదు. వాయించని ఆర్గన్లో ఏ తోలు పగిలిందో, ఏ తీగ తెగిందో ఎవరికీ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. వారానికోసారి వాయిస్తే లోపం ఆ వారమే బయటపడుతుంది. వాయించడానికి మనిషి కావాలి, వినడానికి జనం కావాలి, మోగడానికి ఆ హాలు కావాలి. ఈ మూడింటినీ కలిపి కాపాడగలిగినప్పుడే వాద్యాన్ని కాపాడినట్టు.

ఎలా వినాలి

సినిమా ఆర్గన్ వినడానికి సంగీతం నేర్చి ఉండనక్కర్లేదు. ఎప్పుడైనా రికార్డు గానీ వీడియో గానీ దొరికితే నాలుగు సంగతులు గమనించండి. ఒకటి, స్వరం ఊపు: వణుకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి. రెండు, దగ్గర దూరాలు: గది రెక్కలు తెరుచుకున్నప్పుడు శబ్దం ఎలా పొంగుతుందో వినండి. మూడు, కాళ్లు: చేతుల కన్నా ఎక్కువ పని అవే చేస్తున్నట్టుంటుంది. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆర్గన్ తోడుగా ఒక మూకీ చిత్రం చూడండి. పది నిమిషాలు గడిచేసరికి వాద్యం ఉందన్న సంగతే మరిచిపోతారు. అప్పుడు వాయించేవారు గెలిచినట్టు.

మన వంతు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 'భీష్మ ప్రతిజ్ఞ' చిత్రం ప్రతి ఒక్కటీ మిగల్లేదు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా మనకు దక్కలేదు. రఘుపతి వెంకయ్య కట్టించిన గెయిటీ థియేటర్ నేలమట్టమైంది. ఆయన పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన పురస్కారం మాత్రం మిగిలింది. బెజవాడలోనూ మద్రాసులోనూ తెర పక్కన కూర్చుని తెలుగువారి కోసం వాయించిన హార్మోనిస్టుల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు? వాళ్లు ఏ రాగంతో యుద్ధాన్ని, ఏ రాగంతో వనవాసాన్ని వాయించారో చెప్పే రికార్డు మన చేతికి రాలేదు. అమెరికాలో తుక్కు కింద పోబోయిన వాద్యాన్ని పట్టుకుని నిలబెట్టినవారు ఉన్నారు. మన దగ్గర ఆ పని ఆలస్యమైంది.

అయినా చెయ్యి దాటిపోయింది అనుకోనక్కర్లేదు. మందిర్ హసౌద్‌లో ఉన్న మనం ఏం చేయగలమని అడుగుతారేమో. ఆంధ్ర, తెలంగాణలకు దూరంగా ఉన్నామన్న మాట నిజమే. కానీ రైల్వే ఉద్యోగాల కోసం రాయపూర్‌కు, ఉక్కు కర్మాగారం కోసం భిలాయికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడ ఉన్నాయి. ఆ ఇళ్లలోని అమ్మమ్మలు, తాతయ్యలు చిన్నప్పుడు టూరింగ్ టాకీస్ డేరాలో నేల టిక్కెట్టు కొని సినిమా చూసినవారు. ఛత్తీస్‌గఢీ స్నేహితుల ఇళ్లలో నాచా చూసి పెరిగిన పెద్దలున్నారు. నాచాలో చికారా స్థానంలోకి హార్మోనియాన్ని తెచ్చినవారిగా ఇక్కడి జనం దావూ మందరాజీ పేరు గౌరవంగా చెప్పుకుంటారు. అంటే ఇటు తెలుగు నాటకానికీ అటు నాచాకూ ఊపిరి ఒకే పెట్టె నుంచి వచ్చింది.

అందుకే మూడు పనులు సూచిస్తాను.

మొదటిది ప్రయోగం. ఒక అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టాన్ని 32 సెంటీమీటర్ల పొడవున కోసి, ఒక కొస మూసి, రెండో కొస అంచు మీదుగా ఊదండి. హార్మోనియం మధ్య స్థాయిలోని 'సి' స్వరానికి దగ్గరగా పలుకుతుంది. సగానికి కోసి మళ్లీ ఒక కొస మూసి ఊదితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. ఇలా ఏడు గొట్టాలు చేస్తే మీ చేతిలో ఒక చిన్న వరుస ఉన్నట్టే. అదే గొట్టాన్ని జనవరి ఉదయమూ మే మధ్యాహ్నమూ ఊది చూడండి. వేడి చేసే మాయ మీ చెవికే తెలుస్తుంది.

రెండోది సేకరణ. సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతయ్యను అడగండి: "తాతయ్యా, నువ్వు చూసిన మొదటి సినిమా ఏది? హాలు ఎలా ఉండేది? ఆట మొదలయ్యే ముందు ఏ పాట వేసేవాళ్లు? ఊళ్లో హార్మోనియం ఎవరు వాయించేవాళ్లు?" ఆయన చెప్పేది ఫోనులో రికార్డు చేసి, ఊరి పేరు, తేదీ రాసి పెట్టుకోండి. ఆయన మధ్యలో పాట అందుకుంటే ఆపకండి. మీరడిగిన ప్రశ్న కన్నా ఆ పాటకే ఎక్కువ విలువ.

మూడోది వాయించడం. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లో అటక మీదనో పాత హార్మోనియం ఉందేమో చూడండి. ఉంటే గుడ్డతో దుమ్ము తుడిచి, తెలిసినవారికి చూపించి, తిత్తి చినిగితే అతికించుకుని, నాలుకలు శ్రుతి చేయించుకుని వాయించండి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియం మన సంగీతానికి తగదని పక్కన పెట్టింది. ఆ నిషేధం దాదాపు ముప్పై ఏళ్లు సాగింది. అయినా హార్మోనియం చావలేదు. ఎందుకంటే భజన మందిరాల్లో, నాటకాల్లో, నాచాలో, బడి ప్రార్థనల్లో దాన్ని ఎవరో ఒకరు వాయిస్తూనే వచ్చారు.

ఆ రోజు ప్రశ్న అడిగిన విద్యార్థికి ఇదంతా చెప్పాక, మాస్టారి అనుమతితో హార్మోనియం పైమూత తీసి చూపించాం. వరుసగా పేర్చిన ఇత్తడి నాలుకలు చూసి వాడు, "సార్, మరి గాలి ఏది?" అన్నాడు. నేను తిత్తి ఊపాను. వాడే మెట్టు నొక్కాడు.